సీపీయూ 97 శాతం, టేబుల్‌లో చేరిన వరుసలు సున్నా

దసరాకు ముందు శుక్రవారం రాత్రి బెంగళూరులో బస్సు టికెట్ల పనిలో ఉన్నవాళ్లెవరికీ నిద్ర ఉండదు. మడివాళ, మారతహళ్లి, కలాసిపాళ్యం, మెజెస్టిక్, ఎక్కడ చూసినా కర్నూలుకో కడపకో తిరుపతికో బయలుదేరే మనవాళ్లే. మా ఆఫీసు మారతహళ్లి వంతెనకు దగ్గర్లో ఉంది. టికెట్ల సాఫ్ట్‌వేర్‌లో జరిగే ప్రతి సంఘటననూ, బస్సుల నుంచి వచ్చే ప్రతి సమాచారాన్నీ లాగ్‌గా, అంటే జరిగినదాని నమోదుగా, తీసుకుని డేటాబేస్‌లోకి రాసే సర్వీసు నా బాధ్యత. ఆ రాత్రి తొమ్మిది దాటాక హెచ్చరిక మోగింది. ఆ సర్వీసు నడిచే సర్వర్‌లో సీపీయూ, అంటే ప్రాసెసర్, వాడకం 97 శాతానికి చేరింది.

“అక్కా, పండగ రద్దీ కదా. డేటాబేస్ నెమ్మదించింది, అందుకే సీపీయూ పెరిగింది” అన్నాడు మా బృందంలో కొత్తగా చేరిన నంద్యాల కుర్రాడు. ఆ ఒక్క మాటలో రెండు ఊహలున్నాయి. రద్దీ వల్ల పెరిగిందన్నది ఒకటి, డేటాబేస్ నెమ్మదిస్తే సీపీయూ పెరుగుతుందన్నది రెండోది. ఎవరికైనా మొదట తోచేవి ఇవే. ఆ రాత్రి రెండూ తప్పని తేలడానికి మాకు మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలు మరొకరికి మిగలాలన్నదే ఈ వ్యాసం రాయడానికి కారణం.

ముందు రెండో ఊహ సంగతి చూద్దాం. డేటాబేస్ నిజంగానే నెమ్మదించిందనుకోండి. అప్పుడు లాగ్ సర్వీసు చేసేది ఎదురుచూడటం. జవాబు కోసం ఎదురుచూసే థ్రెడ్‌ను, అంటే ప్రోగ్రామ్‌లో విడిగా సాగే ఒక పనిని, ఆపరేటింగ్ సిస్టమ్ నిద్రపుచ్చి, ఆ ప్రాసెసర్‌ను ఇంకొకరి పనికి అప్పగిస్తుంది. బస్టాండులో కూర్చుని బస్సు కోసం చూసేవాడికి చెమట పట్టదు, బస్సు వెంట పరుగెత్తేవాడికి పడుతుంది. డేటాబేస్ ఆలస్యం చేస్తే, సరిగ్గా రాసిన లాగ్ సర్వీసు సీపీయూ తగ్గాలి. పెరిగిందంటే ఎవరో ఎక్కడో కూర్చోకుండా పరుగెత్తుతున్నారు.

ఈ రెండింటినీ కలిపేసే అలవాటుకు కొంత కారణం మా సర్వర్ల ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లోనే ఉంది. లోడ్ యావరేజ్ అనే అంకెలో లినక్స్ ప్రాసెసర్ కోసం ఆగినవాటిని మాత్రమే లెక్కించదు, డిస్కు కోసం కదలకుండా ఆగిపోయిన ప్రాసెస్‌లను కూడా కలుపుతుంది. అందువల్ల నాలుగు కోర్ల యంత్రంలో లోడ్ ఇరవై చూపిస్తూనే ప్రాసెసర్ ఖాళీగా ఉండవచ్చు. ‘టాప్’ ఆదేశం చూపే తెరలో పైభాగాన ఉండే అంకెలను విడివిడిగా చదవాలి. యూఎస్ అన్నది ప్రోగ్రామ్ తన సొంత పనికి వాడిన సమయం, ఎస్‌వై అన్నది దాని తరఫున ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నల్ వాడిన సమయం, డబ్ల్యూఏ అన్నది డిస్కు కోసం ఆగుతూ ప్రాసెసర్ ఖాళీగా ఉన్న సమయం. డబ్ల్యూఏ పెద్దదైతే మీ సమస్య డిస్కుది. యూఎస్ పెద్దదైతే కోడ్‌ది. ఎస్‌వై పెద్దదైతే ఆ కోడ్ కెర్నల్‌ను అవసరానికి మించి పిలుస్తోంది. లాగ్ సర్వీసు, డేటాబేస్ ఒకే యంత్రంలో ఉంటే ఆ సీపీయూను ఎవరు వాడుతున్నారో కూడా తేల్చుకోవాలి. ‘పిడ్‌స్టాట్’ ప్రాసెస్‌లవారీగా, థ్రెడ్‌లవారీగా విడదీసి చూపిస్తుంది. మా దగ్గర రెండూ వేర్వేరు యంత్రాలు. డేటాబేస్ యంత్రం ప్రశాంతంగా ఉంది. లాగ్ సర్వీసు యంత్రంలో యూఎస్ తప్ప మిగతావన్నీ చిన్న అంకెలే.

అయినా ఆ సమాచారం ఒక్కటే చాలదు. పని ఎక్కువైందా, ఒక్కో పనికి శ్రమ ఎక్కువైందా, లేక ఫలితం లేని పని జరుగుతోందా అన్నది సీపీయూ శాతం చెప్పలేదు. మూడింటికీ గ్రాఫ్ ఒకేలా ఉంటుంది, మూడింటికీ మందు వేరు. అందుకే నేను ఈ మధ్య ఎవరికి చెప్పినా ఒకే మాట చెబుతున్నాను: సీపీయూ అంకెను ఒంటరిగా చూడకండి, దాని పక్కన సెకనుకు ఎన్ని వరుసలు టేబుల్‌లో చేరుతున్నాయో పెట్టి చూడండి. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ గణాంకాల వ్యూలో చేరిన వరుసల లెక్క ఉంటుంది. రోల్‌బ్యాక్ అయినవి (మధ్యలో రద్దయినవి) కూడా అందులో కలుస్తాయి కాబట్టి, డేటాబేస్ గణాంకాల వ్యూలో కమిట్‌ల (ఖాయమైన రాతల) లెక్కనూ రోల్‌బ్యాక్‌ల లెక్కనూ పక్కపక్కన చూసుకోవాలి. పది సెకన్ల తేడాతో రెండుసార్లు చదివి తీసివేస్తే చాలు.

వరుసలు కూడా సీపీయూతో పాటే పెరిగి ఉంటే, అది నిజంగానే పరిమాణం. చాలాసార్లు ఎవరో ఏదో వెతకడానికి, ప్రతి చిన్న వివరాన్నీ లాగ్ చేయించే డీబగ్ స్థాయి తెరిచి, మూయడం మరిచిపోయి ఉంటారు. ఒక్క టికెట్‌కు నాలుగు పంక్తులు రాయాల్సిన చోట నలభై వస్తాయి. ఇక్కడ తెలియకుండా పడే భారాలు కొన్ని ఉన్నాయి. ప్రతి లాగ్ పంక్తిలో ఏ ఫైలు, ఏ లైను నుంచి వచ్చిందో రాయమని కోరితే, జావా లాగింగ్ లైబ్రరీలు ప్రతిసారీ పిలుపుల వరుసను వెనక్కి తవ్వుకుంటూ వెళ్లాలి. డీబగ్ మూసి ఉన్నా, ఆ పంక్తికి కావాల్సిన పెద్ద వాక్యాన్ని ముందే కూర్చి ఆపైన పారేసే కోడ్ కూడా నేను చాలా చూశాను. మన భాషకు సంబంధించినది ఒకటి చెప్పాలి. తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటీ యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిలో మూడు బైట్లు. పంక్తిని జేసన్ అనే పాఠ్య రూపంలోకి మార్చే లైబ్రరీ దాన్ని అలాగే ఉంచకుండా సంకేత సంఖ్యగా మారిస్తే ఆరు బైట్లవుతుంది. ప్రయాణికుల పేర్లు, ఊర్ల పేర్లు తెలుగులో, కన్నడలో వచ్చే మాలాంటి చోట ఆ అమరిక ఒక్కటి మార్చితే పంక్తి చిన్నదైపోతుంది, కంటికి చదవడానికీ వీలవుతుంది.

వరుసల సంఖ్య మారకుండా సీపీయూ మాత్రమే పెరిగితే, ఒక్కో పంక్తి ఖరీదు పెరిగిందన్నమాట. నా అనుభవంలో ఎక్కువ సంస్థలు ఏళ్ల తరబడి తెలియకుండా నష్టపోయేది ఇక్కడే.

బ్యాంకులో పది రూపాయల నోట్లు వంద జమ చేయాలనుకోండి. ఒక్కో నోటుకూ ఒక చలానా రాసి, వరుసలో నిలబడి, గుమాస్తా చేత ముద్ర వేయించుకుని, పాస్‌బుక్కులో అచ్చు కొట్టించుకుని, మళ్లీ వెనక్కి వెళ్లి వరుస చివర నిలబడితే ఎలా ఉంటుంది? ఒక్కో లాగ్ పంక్తికీ ఒక ఇన్‌సర్ట్ (వరుసను చేర్చే ఆదేశం), ఒక కమిట్ చేయడం అలాంటిదే. ప్రతి పంక్తికీ ఎస్‌క్యూఎల్ వాక్యం కూర్చాలి, కోట్ గుర్తులను సరిచేయాలి, నెట్‌వర్క్ మీద పంపాలి. అటువైపు డేటాబేస్ ఆ వాక్యాన్ని విప్పి అర్థం చేసుకోవాలి, పథకం వేయాలి, వరుస రాయాలి, త్వరగా వెతకడానికి పెట్టుకున్న ప్రతి ఇండెక్స్‌లోనూ దాని చోటు వెతికి చేర్చాలి, చివరికి కమిట్ అంటే డిస్కు మీద పడిందని నిర్ధారించుకుని జవాబివ్వాలి. వీటిలో చాలా ఖర్చు వరుసకు కాదు, ప్రయాణానికి. ఐదు వందల పంక్తులను ఒకే ఇన్‌సర్ట్‌లో పంపితే ఆ ప్రయాణం ఒక్కటే. పోస్ట్‌గ్రెస్‌లో కాపీ ఆదేశం వాడితే ఇంకా తక్కువ.

పాత రోజుల్లో ఈ సంగతి బయటపడేది కాదు, ఎందుకంటే డిస్కే అడ్డు నిలిచేది. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. మధ్యలో కాష్ (తాత్కాలిక నిల్వ) లేకపోతే ఒక్క కనెక్షన్ నుంచి ఒకదాని వెంట ఒకటిగా చేసే కమిట్‌లు సుమారుగా ఆ సంఖ్య దాటలేవు. ప్రోగ్రామ్ ఎక్కువసేపు ఎదురుచూస్తూ ఉండేది, సీపీయూ చల్లగా ఉండేది. ఇప్పుడు వేగమైన ఎస్‌ఎస్‌డీలు వచ్చాక ఆ ఎదురుచూపు దాదాపు మాయమైంది. దాని వెనక దాక్కున్న అసలు ఖర్చు సీపీయూ మీదికి వచ్చి కూర్చుంది. మంచి డిస్కు కొన్నాక సీపీయూ పెరిగిందని కంగారు పడినవాళ్లను చూశాను. వాళ్ల యంత్రంలో తప్పేమీ లేదు.

దీనికన్నా ఖరీదైనది పంక్తికొక కనెక్షన్ తెరిచి మూయడం. పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కూ ఒక కొత్త ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. ఆ భారం డేటాబేస్‌ది. అడిగేవాడి మీద కూడా భారం పడుతుందని చాలామంది గమనించరు. పోస్ట్‌గ్రెస్ 10వ వెర్షన్‌తో 2017లో వచ్చి, 2021లో 14వ వెర్షన్ నుంచి డిఫాల్ట్ అయిన స్క్రామ్ అనే పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతిలో, పాస్‌వర్డ్‌ను మామూలుగా 4096 సార్లు హాష్ చేయాలి, అంటే వెనక్కి విప్పలేని సంకేతంగా మార్చాలి. పాస్‌వర్డ్ దొంగిలించేవాడికి కష్టం కావాలని కావాలనే పెట్టిన శ్రమ అది. ఆ లెక్క చేసేది కనెక్షన్ కోరే లాగ్ సర్వీసే. ఎన్‌క్రిప్షన్ ఒప్పందం ఖర్చు అదనం. కనెక్షన్ పూల్ (ముందే తెరిచి ఉంచుకునే కనెక్షన్ల నిల్వ) లేని సర్వీసు పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మారాక హఠాత్తుగా వేడెక్కిందంటే నేను మొదట అనుమానించేది దీన్నే.

ఇండెక్స్‌ల గురించి నా అభిప్రాయం కాస్త కఠినం. లాగ్ టేబుల్‌కు సమయం మీద ఒకటి, అవసరమైతే టికెట్ నంబరు మీద ఒకటి చాలు. ‘ఎప్పుడైనా పనికొస్తుంది’ అని పెట్టిన ప్రతి ఇండెక్స్‌కూ ఆ ఎప్పుడైనా వచ్చేదాకా ప్రతి పంక్తి మీద సుంకం కడుతూ ఉండాలి. యాదృచ్ఛిక యూయూఐడీలను (మళ్లీ రాని పొడవాటి గుర్తింపు సంఖ్యలను) కీలుగా పెడితే ఇండెక్స్‌లో ప్రతి చేర్పూ కొత్త చోటే. సమయ క్రమంలో పెరిగే ఏడో రకం యూయూఐడీని 2024లో ఆర్‌ఎఫ్‌సీ 9562 అనే ఇంటర్నెట్ పత్రం ప్రమాణంగా చేసింది, దానికి మారడం మేలు. పాత లాగ్‌ల తొలగింపు కూడా ఇక్కడిదే. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు మన దేశ పరిధిలో ఉంచాలి. గడువు దాటినవాటిని రోజూ డిలీట్ చేస్తే, పోస్ట్‌గ్రెస్ ఆ వరుసలను వెంటనే చెరపదు, చచ్చిన వరుసలుగా ఉంచి ఆటోవాక్యూమ్ చేత తర్వాత ఊడ్పిస్తుంది. డిఫాల్ట్ అమరికలో టేబుల్‌లో ఐదో వంతు అలా చచ్చాక గానీ ఆ ఊడ్పు మొదలుకాదు. పది కోట్ల వరుసల టేబుల్ అయితే రెండు కోట్లు పేరుకున్నాక ఒక్కసారిగా. టేబుల్‌ను రోజువారీ భాగాలుగా విభజించి, పాత భాగాన్ని మొత్తంగా తీసేస్తే ఊడ్చే పనే ఉండదు.

పంక్తిని విడదీసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (అక్షరాలను వెతికే నమూనాలు) కూడా ఒక్క చెడ్డ పంక్తితో కొంప ముంచగలవు. 2016 జూలై 20న ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వెబ్‌సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు ఆగిపోయింది. కారణం, వాక్యం చివరి ఖాళీలను తీసేసే ఒక చిన్న నమూనా. 20,000 ఖాళీ అక్షరాలు వరుసగా ఉన్న ఒక పోస్టు దానికి తగిలింది. ప్రతి చోటు నుంచీ మళ్లీ మొదలుపెట్టి చూడటంతో పరీక్షలు దాదాపు 20 కోట్లయ్యాయి. 2019 జూలై 2న ఎన్నో వెబ్‌సైట్లకు ముందు కాపలా ఉండే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ సర్వర్ల సీపీయూ ప్రపంచమంతటా నిండిపోవడానికీ ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషనే కారణం. పంక్తి పొడవుకు ఒక హద్దు పెట్టడం, ముందుగా మామూలు వెతుకులాటతో వడపోసి ఆ తర్వాతే నమూనాను వాడటం మంచిది.

ఇక మిగిలింది మూడోది. సీపీయూ నిండా ఉంది, టేబుల్‌లో వరుసలు చేరడం లేదు. ఆ రాత్రి మాకు కనిపించింది ఇదే, కానీ మేము చూడటం ఆలస్యమైంది. అంతకుముందే యంత్రాన్ని నాలుగు కోర్ల నుంచి ఎనిమిది కోర్లకు, రాసే థ్రెడ్‌లను నాలుగు నుంచి ఎనిమిదికి పెంచాం. పది నిమిషాల్లో ఎనిమిది కోర్లూ నిండాయి. రద్దీయే కారణమైతే కొంతైనా ఊరట దొరకాలి. ఇంకొక ఆధారం గ్రాఫ్‌లోనే ఉంది. టికెట్ల అమ్మకం పొద్దుటి నుంచీ మెల్లగా పెరుగుతూ వచ్చింది, సీపీయూ మాత్రం రాత్రి తొమ్మిదింటికి గోడలా లేచింది. మెల్లగా పెరిగే కారణానికి గోడలాంటి ఫలితం రాదు.

వరుసల లెక్క సున్నా అని చూడగానే నంద్యాల కుర్రాడు సర్వీసు ప్రాసెస్‌లోని థ్రెడ్‌లు ఏ క్షణాన ఏం చేస్తున్నాయో మూడుసార్లు ముద్ర తీశాడు. ఐదు సెకన్ల తేడాతో తీసిన మూడు ముద్రల్లోనూ ఎనిమిది థ్రెడ్‌లూ ఒకే చోట ఉన్నాయి. ఐదు వందల పంక్తులను ఇన్‌సర్ట్‌గా కూర్చే ఫంక్షన్‌లో. పంపడం, తిరస్కరణ రావడం, మళ్లీ మొదటి నుంచి కూర్చడం. మధ్యలో ఒక్క మిల్లీసెకను విరామం కూడా లేదు. తిరస్కరణ వాక్యం కూడా ఒకటే. యూటీఎఫ్-8లో చెల్లని బైటు, దాని విలువ సున్నా.

పోస్ట్‌గ్రెస్ టెక్స్ట్ రకంలో ఏ అక్షరాన్నైనా దాచుకోవచ్చు, సున్నా బైటును తప్ప. అది ఎక్కడి నుంచి వచ్చింది? పండగకని వేసిన ప్రత్యేక బస్సుల్లో ఒకదానికి కొత్త రకం జీపీఎస్ పరికరం బిగించారు. అది బస్సు పేరును 32 బైట్ల గడిలో పంపుతుంది. పేరు పొట్టిదైతే మిగతా గడిని సున్నా బైట్లతో నింపుతుంది. రాత్రి తొమ్మిదింటికి ఆ బస్సు బయలుదేరింది, కొన్ని సెకన్లకొకసారి ఒక పంక్తి పంపడం మొదలుపెట్టింది. ఐదు వందల పంక్తుల మూటలో అలాంటిది ఒక్కటి పడితే మూట మొత్తం వెనక్కి వచ్చేది. సర్వీసు దాన్ని తాత్కాలిక లోపం అనుకుని తక్షణం మళ్లీ ప్రయత్నించేది. కొన్ని నిమిషాల్లో ప్రతి థ్రెడ్‌కూ ఒక విషపు మూట చేతికి చిక్కింది. కొత్తగా చేర్చిన నాలుగు థ్రెడ్‌లూ వచ్చీ రాగానే అదే మూటల పాలయ్యాయి.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంకొకటి ఉంది. మూట విఫలమైన ప్రతిసారీ సర్వీసు తన లోపాన్ని తానే లాగ్ చేసుకునేది, మూట మొత్తం పాఠంతో సహా. ఆ లాగ్ కూడా, డేటాబేస్‌కు వెళ్లాల్సిన పంక్తులు ఆగే అదే క్యూలోకి వెళ్లేది. అందులోనూ ఆ సున్నా బైట్లు ఉన్నాయి కాబట్టి అది ఇంకొక విషపు పంక్తి. ఒక బస్సు మొదలుపెట్టినదాన్ని సర్వీసు తనంతట తానే పెంచుకుంటూ పోయింది.

ఈ రకం వలయం మా ఒక్కరికే ప్రత్యేకం కాదు. డేటాబేస్ సర్వర్ తన ప్రతి ఎస్‌క్యూఎల్ వాక్యాన్నీ సిస్‌లాగ్‌కు (యంత్రం మొత్తానికీ ఉండే లాగ్‌కు) పంపేలా పెట్టి, ఆ సిస్‌లాగ్‌ను అదే డేటాబేస్‌లోకి రాసేలా ఆర్‌సిస్‌లాగ్ అనే ప్రోగ్రామ్‌ను అమర్చితే చాలు, ఒక్క పంక్తి ఎప్పటికీ తిరుగుతూ ఉంటుంది. ఫలితం లేని పనికి పెద్ద ఉదాహరణ 2012 జూలై 1 తెల్లవారుజామున, మన కాలమానం ప్రకారం ఐదున్నరకు, భూమి తిరుగుడుతో గడియారాన్ని సరిపెట్టే లీప్ సెకను కలిపినప్పుడు జరిగింది. లినక్స్ కెర్నల్ టైమర్లలోని ఒక లోపం వల్ల, కాస్త నిద్రపోతానని అడిగిన ప్రోగ్రామ్‌లు వెంటనే మేల్కొని మళ్లీ అడగడం మొదలుపెట్టాయి. ఎన్నో చోట్ల జావా, మైఎస్‌క్యూఎల్ సర్వర్లు ఏ పనీ లేకుండానే సీపీయూను నింపేశాయి. తేదీని ఒకసారి తిరిగి అమర్చగానే చల్లబడ్డాయి.

ఆ రాత్రి తాత్కాలికంగా చేసింది చిన్న మార్పే. పంక్తిలోంచి సున్నా బైట్లను తీసేసి రాశాం. అసలు మార్పులు తర్వాతి వారం జరిగాయి. మొదటిది, డేటాబేస్ ఇచ్చే లోపాలను రెండుగా విడదీయడం. కనెక్షన్ తెగడం, చోటు లేకపోవడం వంటివి కాసేపటికి సరిపోవచ్చు, వాటికి మళ్లీ ప్రయత్నించడంలో అర్థముంది. డేటా చెల్లదన్నప్పుడు వెయ్యిసార్లు పంపినా చెల్లదు. అలాంటి మూటను రెండు ముక్కలు చేసి, విఫలమైన ముక్కను మళ్లీ రెండు చేసి, చివరికి చెడ్డ పంక్తిని పట్టుకుంటాం. ఐదు వందల్లో ఒకదాన్ని పట్టడానికి తొమ్మిది విభజనలు చాలు. దాన్ని ముడి బైట్ల రకం గడి ఉన్న వేరే టేబుల్‌లో పక్కన పెడతాం, మిగతావి దారిన పోతాయి. మళ్లీ ప్రయత్నించేటప్పుడు విరామం ప్రతిసారీ రెట్టింపవుతుంది. థ్రెడ్‌లన్నీ ఒకేసారి మేల్కొని డేటాబేస్ మీద పడకుండా ఆ విరామంలో కొంత యాదృచ్ఛికతను కలిపాం. సర్వీసు తన సొంత లాగ్‌ను స్థానిక ఫైలులోకే రాస్తుంది, తన క్యూలోకి ఎన్నడూ కాదు.

రెండు విషయాల్లో మా మధ్య గట్టి వాదన జరిగింది. క్యూ నిండితే ఏం చేయాలన్నది ఒకటి. కొందరు టికెట్ సాఫ్ట్‌వేర్‌ను ఆపమన్నారు, ఏ లాగ్ పోకూడదని. లాగ్ రాయలేకపోయినందుకు మెజెస్టిక్‌లో నిలబడ్డ ప్రయాణికుడికి టికెట్ దొరకకపోవడాన్ని నేను ఒప్పుకోలేను. పారేస్తే 180 రోజుల నిబంధన ఉంది. చివరికి ప్రతి పంక్తినీ ముందు ఫైలులో రాసి, అక్కడి నుంచి డేటాబేస్‌కు చేర్చే పద్ధతికి వచ్చాం. డేటాబేస్ గంటసేపు లేకపోయినా ఫైలు పెరుగుతుందే తప్ప ఎవరి పనీ ఆగదు. రెండోది, పోస్ట్‌గ్రెస్‌లో కమిట్ డిస్కు మీద పడేదాకా ఆగే సింక్రనస్ కమిట్ అమరికను ఆపాలా వద్దా అన్నది. ఆపితే సర్వర్ కూలిన క్షణాన డిఫాల్ట్ అమరికల్లో గరిష్ఠంగా 600 మిల్లీసెకన్ల పని పోవచ్చు, డేటా మాత్రం చెడదు. మామూలు లాగ్‌లకు ఆపాం, ఫైలులో ఎలాగూ ఉంటాయి కాబట్టి. డబ్బు చేతులు మారిన సంఘటనల టేబుల్‌కు మాత్రం అలాగే ఉంచాం. దానికి కొంచెం ఎదురుచూపు ఖర్చయినా సరే.

ఇప్పుడు మా తెరమీద సీపీయూ గీత, సెకనుకు చేరిన వరుసల గీత ఒకే గ్రాఫ్‌లో పక్కపక్కన ఉంటాయి. రెండూ విడిపోయినప్పుడే హెచ్చరిక మోగుతుంది.

పక్కన పెట్టే టేబుల్ సిద్ధమయ్యాక, ఆ రాత్రి ఫైలులో భద్రపరచుకున్న మొదటి విషపు పంక్తిని దాని గుండా నడిపి చూశాం. తొమ్మిదో విభజనలో పట్టుబడింది. నంద్యాల కుర్రాడు సున్నాలను తీసి తెరమీద చదివాడు. అనంతపురం వెళ్లే ప్రత్యేక బస్సు, హెబ్బాళ దాటింది, వేగం గంటకు 41 కిలోమీటర్లు.